మెయింటెనెన్స్ మీటింగ్‌లో అందరూ మిడిల్ క్లాసే

మొన్న ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీటింగ్ పెట్టారు. నెలకు 2,500 ఉన్న మెయింటెనెన్స్‌ని 3,000 చేద్దామని అసోసియేషన్ వాళ్ల ప్రతిపాదన. నీళ్ల ట్యాంకర్ల ఖర్చు పెరిగింది, లిఫ్ట్ మాటిమాటికీ ఆగిపోతోంది, వాచ్‌మన్‌కి రెండేళ్లుగా జీతం పెంచలేదు. ముందుగా లేచినాయన "మనమంతా మిడిల్ క్లాస్ వాళ్లం కదండీ, ఒక్కసారిగా 500 అంటే ఎలా" అన్నారు. ఆయనకి ఈ బిల్డింగ్‌లోనే మూడు ఫ్లాట్లు, శంకర్‌పల్లి వైపు ఎకరంన్నర భూమి. ఆ తర్వాత ఐదో ఫ్లోర్ సాఫ్ట్‌వేర్ అబ్బాయి లేచాడు. ఏడాదికి 18 లక్షల ప్యాకేజీ, అందులో నెలకు 62 వేలు హోమ్ లోన్‌కే పోతాయి పాపం. "ఎవరికి డబ్బు కావాలన్నా మిడిల్ క్లాస్‌నే పిండుతారు సార్" అన్నాడు. రిటైర్డ్ టీచర్ గారిదీ అదే మాట. నేనూ తలూపాను, అబద్ధమెందుకు.

కుర్చీలు వేసి ఓ పక్కన నిలబడ్డ వాచ్‌మన్ ఏమీ అనలేదు. అతని జీతం 12,000, మెట్ల కింద గది ఉచితం. భార్య నాలుగు ఫ్లాట్లలో పనిచేసి 9,000 దాకా తెస్తుంది. ఆర్నెల్ల కిందట కూతురి స్కూల్ ఫీజు కోసం చేబదులు అడగడానికి వచ్చినప్పుడు అతను కూడా "మాలాంటి మిడిల్ క్లాసోళ్లకి శానా కష్టం సార్" అన్నాడు. అప్పుడు నాకు లోపల నవ్వొచ్చింది. తర్వాత లెక్కలు తీసి చూస్తే నవ్వాల్సింది అతన్ని చూసి కాదని తెలిసింది, ఎందుకంటే ఆ సెల్లార్‌లో ఆ మాట కరెక్టుగా అతికేది అతనికొక్కడికే.

ఆ లెక్కలు ఏమిటో చెప్తాను. పారిస్‌లోని అసమానతల పరిశోధన సంస్థ వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ తరఫున నితిన్ కుమార్ భారతి, లూకా షాన్సెల్, తోమా పికెట్టీ, అన్మోల్ సోమంచి కలిసి 2024 మార్చిలో ఒక పరిశోధన పత్రం బయటపెట్టారు. 1922 నుంచి 2023 దాకా, అంటే వందేళ్ల ఆదాయాల లెక్క. దేశంలోని పెద్దవాళ్లందర్నీ వంద మంది అనుకుని, సంపాదన ప్రకారం వరసలో నిలబెట్టారనుకోండి. అందరి సంపాదనా కలిపి సమానంగా పంచితే తలకు ఏడాదికి 2.3 లక్షల చిల్లర వస్తుంది. కానీ ఆ వరసలో ఆ మాత్రం సంపాదించే మనిషి కోసం వెతుక్కుంటూ పోతే దాదాపు తొంభయ్యో మనిషి దాకా నడవాలి. అంటే సగటు సంపాదన అనేది మన దేశంలో సగటు మనిషికి లేదు. అచ్చంగా మధ్యలో నిలబడ్డ యాభయ్యో మనిషి ఏడాది సంపాదన లక్షకు కాస్త పైన. కింది యాభై మందిని వదిలేసి, పైనున్న పది మందిని వదిలేసి, మధ్యలో మిగిలిన నలభై మందినీ తీసుకుంటే వాళ్ల సగటు 1.65 లక్షలు. మా వాచ్‌మన్ ఏడాదికి 1.44 లక్షలు తెచ్చుకుంటాడు. అతని భార్య లక్షా ఎనిమిది వేలు. ఇద్దరూ ఆ వరస నడిమధ్యలో ఉన్నారు. పై పది మందిలో చేరడానికి ఏడాదికి మూడు లక్షలు కూడా అక్కర్లేదు. 18 లక్షల అబ్బాయి పై అయిదుగురిలో ఉన్నాడు, అదీ గట్టిగా ఉన్నాడు. మూడు ఫ్లాట్లాయన సంగతి నేను చెప్పక్కర్లేదు.

మన దగ్గర మధ్యతరగతి అన్న పేరు మధ్యలో ఉన్నవాళ్లది కాదు. పైనున్న పది మందిలో కింద తొమ్మిది మంది ఆ పేరు పెట్టేసుకున్నారు, అసలు మధ్యలో ఉన్నవాళ్లని పేదవాళ్లనేస్తున్నారు. మధ్యతరగతి చితికిపోతోంది అని ఎవరైనా అన్నప్పుడు ఏ మధ్యతరగతి అని అడక్కపోతే ఆ చర్చ ఎటూ తేలదు. లెక్కగట్టేవాళ్లకే ఒక మాట మీద నిలకడ లేదు. కొవిడ్ తర్వాత 2021లో అమెరికా సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ మన దేశంలో మధ్యతరగతి 9.9 కోట్ల నుంచి 6.6 కోట్లకు పడిపోయిందని అంచనా వేసింది. రోజుకు తలసరి 10 నుంచి 20 డాలర్లతో బతికేవాళ్లు వాళ్ల లెక్కలో మధ్యతరగతి. అదే సమయానికి ప్రైస్ అనే మన దేశపు సంస్థ లెక్కలో మధ్యతరగతి 43 కోట్లు, జనాభాలో 31 శాతం. వాళ్లు తీసుకున్న గీత కుటుంబానికి ఏడాదికి 5 లక్షల నుంచి 30 లక్షలు. ఒకే దేశం, ఒకే కాలం, ఒకరికి 6 కోట్లు, ఇంకొకరికి 43 కోట్లు. ఇందులో మోసమేమీ లేదు, ఎవరి గీత వాళ్లు గీసుకున్నారు అంతే. అమెరికాలో అయితే నడిమి ఆదాయానికి మూడింట రెండు వంతుల నుంచి రెట్టింపు దాకా అని గీత గీసుకుని, 1971లో 61 శాతం ఉన్నవాళ్లు 2023కి 51 శాతమయ్యారని చెప్తారు. అక్కడ నిజంగా ఉన్న ఇంట్లోంచి జనం బయటికి వచ్చారు. మన దగ్గర ఆ ఇల్లు పూర్తిగా కట్టనేలేదు.

ఇంకో చిక్కుముడి ఉంది, వాట్సాప్ గ్రూపుల్లో గొడవలన్నీ దాని మీదే. 2025 జులైలో కేంద్ర ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది, సమానత్వంలో భారత్ ప్రపంచంలోనే నాలుగో స్థానంలో ఉంది అని. దానికి ఆధారం ప్రపంచ బ్యాంకు పత్రం, అందులో మన జినీ సూచిక 25.5. జినీ అంటే సున్నా అయితే అందరికీ సమానం, వంద అయితే అంతా ఒక్కడి దగ్గరే. ఇటువైపు పికెట్టీ బృందమేమో దేశ ఆదాయంలో 22.6 శాతం, ఆస్తిలో 40 శాతం పైనున్న ఒక్క శాతం చేతిలోనే ఉంది, బ్రిటిష్ కాలం కంటే ఇది ఎక్కువ అంటుంది. మా బంధువుల గ్రూపులో ఒక బాబాయి మొదటిది పెట్టారు, సాయంత్రానికి ఇంకో బావ రెండోది పెట్టాడు, రాత్రికి ఇద్దరికీ మాటల్లేవు.

నిజానికి రెండూ రెండు వేరే వస్తువుల్ని కొలుస్తున్నాయి. మొదటిది ఖర్చుని కొలుస్తుంది. సర్వే వాళ్లు ఇంటింటికీ వెళ్లి బియ్యానికి ఎంత, పాలకి ఎంత, బట్టలకి ఎంత అని రాసుకుంటారు. మూడు ఫ్లాట్లాయన మా వాచ్‌మన్ కంటే యాభై రెట్లు ఎక్కువ అన్నం తినలేరు కదా. ఆయనకి షుగర్, నిజానికి తక్కువే తింటారు. మిగిలిన డబ్బు భూమిలోకీ, షేర్లలోకీ పోతుంది, ఆ సర్వే కాగితం మీదకి రాదు. పైగా సర్వే మనిషి గేటెడ్ కమ్యూనిటీ సెక్యూరిటీ దాటి లోపలికి పోవడం, పోయినా ఆ ఇంటివాళ్లు అరగంట కూర్చుని నిజం చెప్పడం జరిగే పనేనా? అందుకే ఖర్చు లెక్కలో తేడాలు చిన్నగా కనిపిస్తాయి, ఆదాయం లెక్కలో పెద్దవవుతాయి, ఆస్తి లెక్కకి వచ్చేసరికి కళ్లు తిరుగుతాయి. ఇందులో తమాషా ఏమిటంటే అదే ప్రపంచ బ్యాంకు పత్రం, ఖర్చు లెక్కలో అసమానత అసలు కంటే తక్కువగా కనపడుతూ ఉండొచ్చనీ, ఆదాయం లెక్కలో జినీ 2004లో 52 ఉన్నది 2023కి 62 అయిందనీ చెప్పింది. ఆ వాక్యాన్ని బాబాయి పెట్టిన ఫార్వర్డ్‌లో ఎవరో కత్తిరించేశారు. అలాగని పికెట్టీ వాళ్ల లెక్క దేవుడి వాక్కేం కాదు. ఇన్‌కమ్ ట్యాక్స్ వివరాలు, సర్వేలు, జాతీయ ఆదాయ లెక్కలు కలిపి కుట్టిన బొంత అది, కొన్ని కుట్లు సడలొచ్చు. కానీ బొంత ఎటు పరిచి ఉందో తెలియడానికి అది చాలు.

సగటు ఎలా కళ్లకు గంతలు కడుతుందో చూడాలంటే హైదరాబాద్ దాటి గంటన్నర ప్రయాణం చేస్తే సరి. తెలంగాణ తలసరి ఆదాయం 2023-24లో మూడున్నర లక్షలు దాటింది, పెద్ద రాష్ట్రాల్లో ముందు వరసలో ఉంది, గొప్ప విషయమే. జిల్లాల వారీగా చూస్తే రంగారెడ్డి అందరికంటే పైన, వికారాబాద్ చివరి వరసలో, మధ్యలో ఎన్నో రెట్ల తేడా. 2016 దాకా ఈ రెండూ ఒకే జిల్లా. అప్పుడు కోకాపేట, రాయదుర్గం టవర్ల ఆదాయం, తాండూరు కంది రైతు ఆదాయం ఒకే అంకెలో కలిసిపోయి ఉండేవి. జిల్లా చీల్చగానే రైతు పేదవాడైపోలేదు, ముందునుంచీ అంతే, అంకె వెనక దాక్కుని ఉన్నాడు. రంగారెడ్డి అంకె వెనక కూడా ఎంతమంది దాక్కున్నారో ఎవరు చూడొచ్చారు, ఆ టవర్లలో మరుగుదొడ్లు కడిగే ఔట్‌సోర్సింగ్ అమ్మాయి తలసరి కూడా కాగితం మీద లక్షల్లోనే ఉంటుంది మరి.

సరే, మధ్యలో నలభై మంది దగ్గరికి వద్దాం. 1980ల మొదట్లో దేశ ఆదాయంలో వాళ్ల వాటా 45 శాతానికి కాస్త అటూ ఇటూ. పైనున్న పది మంది వాటా 30 శాతం, అందులో పై ఒక్క శాతానిది 6. ఇప్పుడు మధ్య నలభై మందికి 27 శాతం, పై పది మందికి 57 పైన. కింది యాభై మందికీ తగ్గింది, ఇప్పుడు 15 శాతం మాత్రమే. పోయిన వాటాలో ఎక్కువ భాగం పోయింది మధ్యవాళ్ల దగ్గర్నుంచే. ఇది విన్నవాళ్లలో కొందరు వెంటనే ఆ రోజులే బాగుండేవి అంటారు. ఏం బాగుండేవి? స్కూటర్ బుక్ చేస్తే ఏళ్లు, ఫోన్ కనెక్షన్‌కి ఏళ్లు, ఊళ్లో కూలివాడికి రెండు పూటలా తిండికి గ్యారంటీ లేదు. రొట్టె చిన్నది, ముక్కలు కాస్త దగ్గర దగ్గర సైజులో ఉండేవి, అంతే. కాకపోతే అప్పుడు ఒకటి జరిగింది. హైదరాబాద్‌లో బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్, ఐడీపీఎల్, హెచ్‌ఎంటీ, ఆల్విన్ లాంటి ప్రభుత్వ ఫ్యాక్టరీలు వచ్చాక, ఐటీఐ చదివి ఊళ్లోంచి వచ్చిన కుర్రాడు ఒకడు ఫిట్టర్‌గా చేరి, పీఎఫ్ తెచ్చుకుని, క్వార్టర్‌లో ఉండి, పిల్లల్ని ఇంజినీర్లని చేశాడు. మా పెదనాన్న అలాంటివాడే, బాలానగర్‌లో మెషిన్ మీద ముప్పై ఏళ్లు నిలబడ్డాడు. రిజర్వేషన్ ఉండబట్టి ఆ షెడ్డులోకి మొదటి తరం దళిత కుర్రాళ్లు కూడా పర్మనెంట్‌గా వచ్చారు. ఇప్పుడు అదే పని కాంట్రాక్టర్ కింద జరుగుతోంది. కాంట్రాక్టర్ దగ్గర రిజర్వేషన్ రోస్టర్ ఉండదు, పీఎఫ్ ఉన్నా ఏడాదికోసారి కొత్త నంబర్ వస్తుంది.

మా టీచర్ గారి కథ ఇంకా దగ్గర్నుంచి చూపిస్తుంది. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో రిటైరయ్యారు, పింఛను 50 వేల పైచిలుకు, హెల్త్ కార్డు ఉంది. 1989లో మియాపూర్ దగ్గర 200 గజాల స్థలం కొన్నారు, అప్పటి తన 14 నెలల జీతం అయిందని ఆ కాగితం ఇప్పటికీ చూపిస్తారు. కొడుకు ఎంటెక్ చేశాడు. ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్, జీతం 28,000, అడ్మిషన్లు తగ్గిన ఏడాది ఎండాకాలం రెండు నెలలు సగం జీతమే ఇచ్చారు. అంటే తండ్రి పింఛనులో కొడుకు జీతం సగం కాస్త పైన. చదువు కొడుక్కే ఎక్కువ. ఆ 200 గజాలు ఇవాళ కొనాలంటే గజం లక్షకు అటూ ఇటూ చెబుతున్నారు, కొడుకు తినకుండా తాగకుండా జీతమంతా దాస్తే 60 ఏళ్లు పడుతుంది. ఆ కొడుకు పెళ్లి సంబంధాలప్పుడు మాత్రం ఎవరూ జీతం అడగలేదట, స్థలం ఎవరి పేరు మీద ఉంది అని అడిగారట. పెళ్లిళ్ల పేరయ్యలకి ఈ ఆర్థిక శాస్త్రం ఎప్పుడో అర్థమైంది.

విషయమంతా అక్కడే ఉంది. పని చేస్తే వచ్చే డబ్బు, ఆస్తి ఉంటే వచ్చే డబ్బు, ఈ రెండూ ఒకప్పుడు కాస్త అటూ ఇటూగా నడిచేవి, ఇప్పుడు ఆస్తి బండి ఎక్కడికో వెళ్లిపోయింది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ ప్రభుత్వ భూముల వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. ఎకరానికి 4,840 గజాలు, గజం రెండు లక్షల పైన. దేశంలో నెల జీతం మీద పనిచేసేవాడి సగటు జీతం ప్రభుత్వ కార్మిక సర్వే ప్రకారం 20 వేల చిల్లర. అంటే ఒక గజానికి పది నెలల జీతం. బిల్డర్లు ముప్పై నలభై అంతస్తులు లేపే భూమిని నేరుగా పోల్చకూడదు, నిజమే, కానీ చుట్టుపక్కల ధరలన్నీ ఆ వేలాన్ని చూసే లేస్తాయి. ఇక జీతం వైపు చూస్తే, 2010 ప్రాంతంలో పెద్ద ఐటీ కంపెనీల్లో ఫ్రెషర్‌కి ఏడాదికి మూడు, మూడుంబావు లక్షలు ఇచ్చేవారు. ఈమధ్య కూడా మామూలు ఫ్రెషర్ ప్యాకేజీ మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. ఈలోపు ధరలు రెట్టింపు దాటాయి, అంటే నిజ విలువలో ఇవాళ్టి ఫ్రెషర్ తన అన్నయ్య అందుకున్నదాంట్లో దాదాపు సగం అందుకుంటున్నాడు. ఎందుకలా అంటే ఏటా లక్షల మంది ఇంజినీర్లు బయటికొస్తున్నారు. ఉమ్మడి రాష్ట్రంలోనే ఒక దశలో 700 దాకా ఇంజినీరింగ్ కాలేజీలు ఉండేవి. క్యూ అంత పొడవుంటే ఎవడు జీతం పెంచుతాడు?

ఇది నా గొణుగుడు మాత్రమే కాదు. కేంద్రం 2025లో పార్లమెంటు ముందు పెట్టిన ఆర్థిక సర్వేలోనే ఉంది: 2023-24లో కంపెనీల లాభాలు 15 ఏళ్ల గరిష్ఠానికి చేరాయి, ఆ ఏడాది పెద్ద కంపెనీల లాభం 22 శాతం పెరిగితే ఉద్యోగాలు ఒకటిన్నర శాతం పెరిగాయి. అదే సర్వేలో, ధరల పెరుగుదల తీసేసి చూస్తే నెల జీతం మీద ఉన్న మగవాళ్ల సగటు సంపాదన 2017-18లో 12,665 ఉన్నది 2023-24కి 11,858కి తగ్గింది. ఆడవాళ్లది ఇంకా ఎక్కువ తగ్గింది. లాభం వాటాదారుడిది, వాటాలు ఎవరి దగ్గర ఉన్నాయన్నది మళ్లీ ఆ వరసలో పైనున్న ఒకరిద్దరి సంగతే. నా దగ్గరా నెలకు 3,000 మ్యూచువల్ ఫండ్ సిప్ ఉంది లెండి, దాన్ని చూసుకుని నేను పెట్టుబడిదారుణ్ణని ఒక్కోసారి మురిసిపోతుంటాను.

మరి 18 లక్షల అబ్బాయి పై అయిదుగురిలో ఉండి కూడా ఇరుకుగా ఎందుకు ఫీలవుతున్నాడు? నటిస్తున్నాడా? లేదు. ఒకటి, అతను కిందకి చూడడు, ఎవరూ చూడరు. పైకి చూస్తే ఒక్క శాతం వాళ్ల సగటు ఏడాదికి 53 లక్షలు, వెయ్యిలో ఒకడిది రెండు కోట్ల పైన. ఆ వరస నిచ్చెనలా లేదు, మొదటి తొంభై మెట్లు దగ్గర దగ్గరగా ఉండి చివరి మెట్టు ఆకాశంలో ఉంది. రెండోది ఇంకా ముఖ్యం. ఒకప్పుడు జీతంతో కొనక్కర్లేనివి ఇప్పుడు జీతంతో కొనాలి. టీచర్ గారి పిల్లలు ఆయన బళ్లోనే చదివారు, ఫీజు లేదు. ఈ అబ్బాయి పాప ఎల్‌కేజీకి ఏడాదికి లక్షా ఇరవై వేలు, బస్సు వేరే, పుస్తకాలు వాళ్ల దగ్గరే కొనాలి. వాళ్ల నాన్నకి స్టెంట్ వేయిస్తే కంపెనీ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులు కవర్ కారని తెలిసి మూడు లక్షలు క్రెడిట్ కార్డు మీదా, బంగారం తాకట్టు మీదా తెచ్చాడు.

వాచ్‌మన్‌కి అదే స్టెంట్ అవసరమైతే, కాగితం మీద అతని జీతమొక్కటే లెక్క కాబట్టి, ఆరోగ్యశ్రీ ఉంది, 2007లో మొదలైంది, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు చేశారు. అసలు నలిగేది ఈ ఇద్దరి మధ్యలో ఉన్నవాడు. తెల్లకార్డు రావాలంటే తెలంగాణలో కుటుంబ ఆదాయం పట్నంలో ఏడాదికి 2 లక్షలు, పల్లెలో లక్షన్నర దాటకూడదు. బట్టల షాపులో 19,000 తెచ్చుకునే సేల్స్‌మన్ ఈ గీతకి అడుగు అవతల ఉంటాడు. కార్డుకి అర్హత లేదు, కంపెనీ ఇన్సూరెన్స్ లేదు, సొంతంగా పాలసీ కడదామంటే 2025 సెప్టెంబర్ దాకా దాని మీద 18 శాతం జీఎస్టీ. ఇప్పుడు అది తీసేశారు, మంచిదే, ప్రీమియం మాత్రం కట్టాలి కదా. మా వీధి చివర మెడికల్ షాపు కుర్రాడు ఆ గీతకి కాస్త ఇవతల ఉన్నాడు. జీతం 20,000 చేస్తానని ఓనర్ అంటే కార్డు పోతుందేమోనని వద్దు, పైన కొంచెం చేతికి ఇవ్వండి అన్నాడట. జీతం పెరుగుతుందంటే భయపడే పరిస్థితి, ఇంతకంటే ఏం చెప్పాలి.

ఈ బండి నడుస్తున్నది అప్పు మీద. ఇళ్లలో నికరంగా దాచుకున్న సొమ్ము, అంటే బ్యాంకు, పీఎఫ్, షేర్లు అన్నీ కలిపి అందులోంచి అప్పులు తీసేస్తే మిగిలేది, 2022-23లో జీడీపీలో 5 శాతం చుట్టూ వచ్చి దాదాపు అయిదు దశాబ్దాల కనిష్ఠానికి పడిందని రిజర్వ్ బ్యాంక్ లెక్కలు. జనం ఇళ్లూ బళ్లూ కొనుక్కుంటున్నారు, అది కష్టం కాదు నమ్మకం అని ఆర్థిక శాఖ వాళ్ల వాదన. కొందరి విషయంలో నిజమే, ఐదో ఫ్లోర్ అబ్బాయిది ఇంటి అప్పే. కానీ ఫీజు కోసం చిట్టీని మొదటి నెలల్లోనే బాగా నష్టానికి పాడుకునేవాళ్లదీ, యాప్‌లో 8,000 తీసుకుని దాన్ని తీర్చడానికి ఇంకో యాప్‌కి పోయేవాళ్లదీ నమ్మకం అంటే ఎలా? పదేళ్ల కిందట మా ఇంట్లో తాకట్టు అంటే తలుపేసుకుని మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు గోల్డ్ లోన్ బోర్డు లేని సెంటర్ లేదు, ఎవరూ సిగ్గుపడటం లేదు, తులం లక్ష దాటింది కాబట్టి కాస్త ఎక్కువే ఇస్తున్నారని సంతోషం కూడా.

పన్నుల దగ్గరికి వస్తే పేరు ఎవరు పెట్టుకున్నారన్నది ఎందుకు అంత ముఖ్యమో తెలుస్తుంది. 2025 బడ్జెట్‌లో 12 లక్షల దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ లేదన్నారు, దీనివల్ల ఖజానాకి లక్ష కోట్లు తగ్గుతుందనీ చెప్పారు. మధ్యతరగతికి కానుక అని టీవీల్లో సంబరాలు. మా ఇంట్లో కూడా స్వీట్లు తిన్నాం. కానీ ఆ వరసలో తొంభై మందికి అంతకుముందు కూడా ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, వాళ్లకి కొత్తగా మిగిలిందేమీ లేదు. వాళ్లు కట్టేది జీఎస్టీ, సబ్బు కొన్న ప్రతిసారీ. ఇంకో పక్క, 2019 సెప్టెంబర్‌లో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు, కొత్త ఫ్యాక్టరీలకి 15. పెట్టుబడులు వస్తాయన్నారు. 2023-24లో వ్యక్తుల నుంచి వచ్చిన ఇన్‌కమ్ ట్యాక్స్ 10 లక్షల కోట్లు దాటితే కంపెనీల పన్ను 9 లక్షల కోట్ల పైన ఆగింది. జీతం పెద్దదైతే 30 శాతం శ్లాబు, షేర్లు ఏడాది ఉంచి అమ్మితే లాభం మీద 12.5 శాతం. తాత ఆస్తి మనవడికి వస్తే సున్నా. ఎస్టేట్ డ్యూటీ అని ఒకటి 1953లో తెచ్చారు, వసూలయ్యేది తక్కువ, గొడవలు ఎక్కువ అని 1985లో ఎత్తేశారు. సంపద పన్నునీ అదే కారణం చెప్పి 2015 బడ్జెట్‌లో తీసేశారు. ఆ కారణాల్లో కొంత నిజం ఉంది, కానీ సరిగా వసూలయ్యేలా మార్చడం అనే దారి ఎవరికీ గుర్తురాలేదు. చివరికి చెమటకి ఎక్కువ పన్ను, నిద్రపోతుంటే పెరిగే డబ్బుకి తక్కువ పన్ను. దీని మీద కోపం రావాల్సింది 18 లక్షల అబ్బాయికే, ఎందుకంటే జీతం చేతికి రాకముందే పన్ను కోత పడేది అతనికి. అతని కోపం మాత్రం ఉచిత బస్సు మీదా, రేషన్ బియ్యం మీదా పడుతోంది. మీటింగ్‌లో కూడా పడింది, నేను వివరాలు రాయను, మళ్లీ లిఫ్ట్‌లో ఎదురుపడాలి.

ఎవరూ బాగుపడలేదని మాత్రం నేననడం లేదు. ప్రపంచ బ్యాంకు 2025 దాకా వాడిన గీత ప్రకారం కడుపేదరికం 2011-12లో 16 శాతం ఉన్నది 2022-23కి 2.3 శాతానికి తగ్గింది, గీత మరీ కింద గీశారు అనే వాదన ఉన్నా తగ్గడం మాత్రం తగ్గింది. వాచ్‌మన్ వాళ్ల నాన్న పాలమూరు నుంచి ముంబైకి వలసపోయి మట్టి పనిచేశాడు, ఇతని చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, కూతురు ఇంగ్లీష్ మీడియం. నేల పైకి లేచింది, పైకప్పు అంతకంటే చాలా వేగంగా లేచింది, మధ్యలో నిలబడ్డవాడికి చెయ్యి చాపితే రెండూ అందడం లేదు. ఆ కూతురు రేపు డిగ్రీ అయ్యాక పెదనాన్న బాలానగర్ షెడ్డు లాంటిది ఏదైనా ఉంటుందా, లేక నెలకు 15,000 ఇచ్చే షోరూమేనా అన్నది నాకు నిజంగా బెంగగా ఉంది, నేను ఆ పిల్లకి ఆదివారాలు లెక్కలు చెప్తుంటాను.

మీటింగ్ గంటన్నర నడిచి 2,800 దగ్గర తెగింది. పెంచిన 300 ట్యాంకర్లకీ, లిఫ్ట్‌కీ సరిపోయింది. జీతం పెంపు సంగతి వచ్చే మీటింగ్‌కి వాయిదా వేశారు. మినిట్స్ పుస్తకంలో దానికి సెక్రటరీ గారు రాసిన కారణం, మధ్యతరగతి కుటుంబాల ఇబ్బందుల దృష్ట్యా, అని. అందరం సంతకాలు పెట్టాక వాచ్‌మన్ ఆ పుస్తకం తీసుకెళ్లి మీటర్ల గది పక్కన బీరువాలో పెట్టి, కుర్చీలు మడిచాడు.